ఆప్షను కాగితం వచ్చిన ఏడాది

మా ఆయనకు పిచ్చి పట్టిందని బరంపురంలో మొట్టమొదట అన్న మనిషి ఎవరో నాకు తెలుసు. మా ఎదురింటి వకీలు. ఆయన పోయి చాలా కాలమైంది. పిల్లలు మంచివాళ్ళు. కాబట్టి పేరు రాయను. ఆ మాటకొస్తే ఇందులో ఎవరి పేరూ రాయను. కోపం మాత్రం దాచుకోను. ఆ రోజుల్లో దాచుకున్నది చాలు.

అప్పటికి మేమింకా మద్రాసు రాజధానిలోనే ఉన్నాం. గంజాం జిల్లాను చీల్చి, బరంపురంతో సహా పై భాగాన్ని కొత్తగా పెట్టబోయే ఒరియా రాష్ట్రంలో కలుపుతారని ఏళ్ళ తరబడి వింటున్నదే. కమిటీలు వచ్చాయి, సాక్ష్యాలు రాసుకున్నాయి, వెళ్ళాయి. వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఊళ్ళో రెండు ఊరేగింపులు, ఒకటి మావాళ్ళది, ఒకటి వాళ్ళది. ఆ ఏడు వానలు వెనకబట్టేసరికి ఇక ఖాయమని తేలిపోయింది. ఇచ్ఛాపురం అటు. మేము ఇటు. మధ్యలో ఎక్కడో ఒక గీత.

మా ఆయన తాలూకా కచేరీలో రికార్డు కీపరు. పదహారేళ్ళ నుంచి అదే గది. ఊరికొక కట్ట చొప్పున భూముల కాగితాలన్నీ ఎర్రగుడ్డల్లో కట్టి బీరువాల్లో ఉండేవి. చెదలు పట్టకుండా ఆ కట్టల మధ్య ఎండిన వేపాకు పెట్టేవారు. సాయంత్రం ఇంటికి వస్తే చొక్కా వేపాకు వాసన, దుమ్ము వాసన. నెమ్మదైన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగరు. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు, మాకొక కూతురు, దానికి పది. మా అత్తగారు మాతోనే ఉండేవారు.

దసరా వెళ్ళాక ఆయనకు కొత్త పని అప్పజెప్పారు. గీతకు అటు వెళ్ళే ఊళ్ళ కట్టలు ఒక గోడకి, ఇటు ఉండే ఊళ్ళవి ఇంకో గోడకి వేరుచేసి పెట్టాలి. పెట్టారు. పది రోజులకు జాబితా మారింది. అటు గోడ నుంచి కొన్ని ఇటు మోసుకొచ్చారు. మళ్ళీ మారింది. మళ్ళీ మోశారు. పదహారేళ్ళు బిడ్డల్లా చూసుకున్న కాగితాల్ని తన చేతులతోనే విడదీయడం ఒక ఎత్తు, విడదీసిన వాటిని మళ్ళీ కలిపి మళ్ళీ విడదీయమనడం ఇంకో ఎత్తు. ఆ జాబితాలు తయారుచేసినవాళ్ళు ఒక్క కట్టనైనా చేత్తో ఎత్తి ఉంటారా అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ తర్వాత ఆప్షను కాగితం వచ్చింది. ప్రతి ఉద్యోగీ కొత్త రాష్ట్రంలో ఉంటాడో, మద్రాసు కొలువులో ఉండి అటు వెళ్ళిపోతాడో రాసివ్వాలి. ఒక్క పంక్తి, కింద సంతకం. నెల గడువు.

ఆ నెలలో మా ఇంటికి వచ్చినన్ని సలహాలు మా పెళ్ళికి కూడా రాలేదు. విజయనగరంలో ఉన్న మా బావగారు, ఈయన అన్నగారు, వారానికొక ఉత్తరం రాసేవారు. వెంటనే వచ్చెయ్యి, అక్కడ ఉండిపోతే నీ కూతురు తెలుగు మరిచిపోతుంది, నిన్ను రెండో తరగతి మనిషిగా చూస్తారు అని. మా అత్తగారు ఈ ఇల్లు దాటి రానని తేల్చేశారు. వకీలు రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, బరంపురం తెలుగువాళ్ళు ప్రాణం పోయినా కదలకూడదని ఉపన్యాసం చెప్పేవారు. ఇంకొకాయన వచ్చి, ఉంటే నీ కుర్చీ నీ కిందివాడికి ఇచ్చేస్తారు చూసుకో అనేవాడు. ఆ కిందివాడు ఆస్కా వైపు నుంచి వచ్చిన ఒరియా గుమాస్తా. ఆరేళ్ళ నుంచి మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు.

మా ఆయన అందరిదీ వినేవారు. అందరికీ తలూపేవారు. కొన్నాళ్ళకు స్నానం చేస్తూ ఊళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టారు, వరసగా, పాఠం అప్పజెప్పినట్టు. తలుపు తాళం వేసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగి చూసేవారు. పెట్టెలో ఆ కాగితం ఉందా అని పూటకు మూడుసార్లు అడిగేవారు. అన్నం కలిపి, కలిపిన చెయ్యి అలాగే కంచంలో పెట్టుకుని కూర్చునేవారు. మనిషి సన్నబడిపోయారు.

నిజం చెప్తాను. నాకు మొదట కోపం వచ్చింది ఆయన మీదే. ఊళ్ళో ఎంతమందికి రాలేదు ఆ కాగితం? అందరూ ఏదో ఒకటి గీకి ఇచ్చేశారు. ఈయనకేమిటి ఈ నాన్చుడు అనుకున్నాను. ఒకరోజు ఆ మాట అనేశాను కూడా, ఒక్క ముక్క రాసి పడెయ్యడానికి ఇంత యాతనేటి అని. ఆయన నా వైపు చూశారు. ఆ చూపుకు అర్థం నాకప్పుడు తెలియలేదు. తెలియకపోతే ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మగాడికి ఉండాల్సిన ధైర్యం గురించి ఇంకా ఏవేవో అన్నాను. మాటలు ఎదుటివాళ్ళవైతే మరిచిపోవచ్చు. అవి నావి.

గడువు ఇంక నాలుగు రోజులుందనగా, ఎప్పటిలాగే చద్దన్నం తిని ఆయన కచేరీకి బయల్దేరారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ ఒరియా గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. అరుగు కింద నిలబడి, ఆయనకు ఒంట్లో బాగాలేదా, ఇవాళ రాలేదేం అని అడిగాడు. ఆయన వెళ్ళారని నాకు తెలుసు. రాలేదని ఇతను అంటున్నాడు. భయపడాల్సిన చోట నాకు కోపం వచ్చింది.

"కుర్చీ కాళీ అయిందో లేదో సూసుకోడానికొచ్చారా?" అన్నాను.

అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత చెమటలు కక్కుకుంటూ మళ్ళీ వచ్చాడు. ఊరంతా వాకబు చేశాడట. మా ఆయన పొద్దున్న ఇచ్ఛాపురం వైపు వెళ్ళే పాసింజరు ఎక్కడం స్టేషను దగ్గర ఎవరో చూశారట. తర్వాతి బండి ఇంకో అరగంటలో ఉంది, మీరు కూడా వస్తే మంచిది అన్నాడు. కూతుర్ని అత్తగారికి అప్పజెప్పి చెప్పులు వేసుకుని బయల్దేరాను. నేను ఆడవాళ్ళ పెట్టెలో, అతను ముందు పెట్టెలో. ప్రతి స్టేషనులోనూ దిగి, ప్లాట్‌ఫారం కొసదాకా చూసి, బండి కదిలేలోగా పరిగెత్తి ఎక్కేవాడు.

ఇచ్ఛాపురానికి ముందు గిరిసోలలో దొరికారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో గొడుగు. చుట్టూ ఎనిమిది పదిమంది జనం. నేను దగ్గరికి వెళ్తుంటే టికెట్లిచ్చే మనిషి నాకు ఎదురొచ్చి, నవ్వుతూ, అదేదో వేడుక చెప్పినట్టు చెప్పాడు. ఈ పెద్దమనిషి పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాడు, ఒకసారి ఇచ్ఛాపురానికి టికెట్టు అడుగుతాడు, తీసిచ్చేలోపు కాదు బరంపురానికి అంటాడు, ఇప్పటికి అటూ ఇటూ అయిదు బళ్ళు పోయాయి అని. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. మర్యాదస్తులు, పంచె కట్టుకుని, తలపాగాలు పెట్టుకున్నవాళ్ళు. మనిషి కళ్ళముందు విరిగిపోతుంటే వాళ్ళకు నవ్వొచ్చింది. పొద్దున్నుంచి ఒక్కరూ చెంబెడు నీళ్ళివ్వలేదు.

ఆయన పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఏ బండెక్కాలో తెలీడం లేదే," అన్నారు. "నా తలకాయ పనిసెయ్యడం లేదు. నాకు బయంగా ఉంది."

పదిహేనేళ్ళ కాపురంలో ఆయన నోట భయమన్న మాట అదే మొదటిసారి. ఆ గుమాస్తా వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద గొంతుక్కూర్చుని, ఒరియాలో, చాలా మామూలుగా అన్నాడు, ఇవాళ ఏ ఊరూ వెళ్ళనక్కర్లేదు, ఇంటికి పోయి అన్నం తిందాం అని. మా ఆయన ఆ మాట కొంతసేపు ఆలోచించారు. తర్వాత లేచి నిలబడ్డారు.

ఇక అక్కణ్ణించి మా ఇంటి మీద జనం పడ్డారు.

మా అత్తగారు గాలి సోకిందన్నారు. సరిహద్దు దగ్గర ఏదో తొక్కాడన్నారు. నేను వద్దంటున్నా వినకుండా చికిటి వైపు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు పెరట్లో ముగ్గు వేసి, మా ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, చేతులు వెనక్కి విరిచి కొత్త తాడుతో కట్టాడు. కుంపట్లో ఎండుమిరపకాయలు పోసి ఆ పొగ ముఖానికి పట్టి, ఎవరు నువ్వు, ఎప్పుడు వదుల్తావు అని గద్దించాడు. ఆయన దగ్గుతూ, కళ్ళంట నీళ్ళు కారుతూ, తన పేరు చెప్పారు. ఉద్యోగం చెప్పారు. కచేరీలో పై అధికారికి చెప్పినట్టు వినయంగా చెప్పారు. అది విని నేను వంటింట్లో ఉన్న బిందె ఎత్తుకొచ్చి ఆ కుంపటి మీద కుమ్మరించాను. తాడు కత్తిపీటతో కోశాను. వాణ్ణి వీధిలోకి పొమ్మన్నాను. అత్తగారు నన్ను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. కొడుకు చస్తే ఆ పాపం నాదేనన్నారు, అది మాత్రం రాస్తాను.

రెండు రోజులకు వకీలు వచ్చారు. పరామర్శకు అనుకున్నాను. కాదు. వచ్చే ఆదివారం పెద్ద సభ ఉందట. మీ ఆయన వేదిక మీద ఒక కుర్చీలో కూర్చుంటే చాలు, ఏమీ మాట్లాడనక్కర్లేదు, ఈ చీలిక మన మనుషుల్ని ఏ గతికి తెచ్చిందో జనం కళ్ళారా చూస్తారు అన్నారు. వేదిక మీద ఆయన్ని చూపించి ఏం మాట్లాడాలో కూడా రాసుకొచ్చారు. చదివి వినిపించబోయారు.

"బాబుగారూ," అన్నాను, "ఆయన మీకు బొమ్మ కాదు. మా గుమ్మం మళ్ళీ ఎక్కకండి."

ఆయన అంత పెద్దమనిషి, నేనొక గుమాస్తా పెళ్ళాన్ని. ఎర్రబడిన మొహంతో వెళ్ళారు. ఆ సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది, మా ఆయనకు పూర్తిగా పిచ్చెక్కిందని, పెళ్ళాం గదిలో పెట్టి దాస్తోందని. మా కూతురితో ఆడుకునే పిల్లల్ని వాళ్ళ తల్లులు లోపలికి పిలిచేసేవారు.

మా బావగారు కూడా వచ్చారు. తమ్ముణ్ణి ఒకసారి పలకరించి, నాతో అరగంట మాట్లాడారు. ఆప్షను కాగితం నేను రాస్తాను, నువ్వు చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించు, ఆ తర్వాత వీణ్ణి పిచ్చాసుపత్రిలో చేర్పిద్దాం అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే అని అప్పుడూ అందరూ అన్నారు. మంచి ఉద్దేశంతోనే అందరూ మా ఆయన్ని తలొక వైపూ లాగుతున్నారు. నేను సంతకం పెట్టించనన్నాను. మూడో రోజున బావగారు నాతో మాట్లాడకుండానే బండెక్కారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉత్తరం లేదు.

సెలవు కోసం నేనే కచేరీకి వెళ్ళాను. ఆడదాన్ని అలా వెళ్ళడం అప్పట్లో ఎంత వింతో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. సిరస్తాదారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మతి బాగాలేదని రాస్తే ఉద్యోగానికే ముప్పమ్మా, మలేరియా జ్వరమని రాద్దాం అన్నారు. మంచికే అన్నారు. కానీ నా ఒళ్ళు మండింది. మా ఆయన కాలు విరిగితే కాలు విరిగిందనే రాసేవారు. జ్వరం వస్తే జ్వరమనే. మనసు విరిగితే మాత్రం దానికి ఇంకో రోగం పేరు అరువు తెచ్చుకోవాలి. మా ఆయన రెండు నెలలు మలేరియాతో ఉన్నట్టు ఆ రికార్డుల్లో ఇప్పటికీ ఉంటుంది.

ఇంట్లో ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను వంట చేసి, నీళ్ళు తోడి, వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపించి, అత్తగారి సణుగుడు విని, ఆయన ఏ వైపు వెళ్తారోనని పెరటి తలుపు మీద ఒక కన్నేసి ఉంచేదాన్ని. ఒకనాడు పొద్దున్న మా అమ్మాయి మజ్జిగ గిన్నె ఒలకబోసింది. చేతిలో ఉన్న గరిటెతో కొట్టాను. ఒక దెబ్బ కాదు. అది అరవడం కూడా మానేసి నన్నే చూస్తున్నా నా చెయ్యి ఆగలేదు.

ఎవరో వెనక నుంచి నా మణికట్టు పట్టుకున్నారు. గోపాలపురం వైపు నుంచి వారానికి రెండుసార్లు మాకు చేపలు తెచ్చే ఆవిడ. గంప దించుకుని అప్పుడే పెరట్లోకి వచ్చింది. తెలుగు మనిషే. ఆ సముద్రం ఒడ్డున తరతరాలుగా ఉన్న కుటుంబం. గరిటె నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టింది. పిల్లను లోపలికి పొమ్మంది.

"పొద్దున్న ఏటి తిన్నావమ్మా?" అని అడిగింది.

నాకు గుర్తు రాలేదు. ఆ నెల రోజుల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. నా ఏడుపు అయ్యేదాకా కత్తి తీసి నాలుగు చేపలు బాగుచేసింది. తర్వాత సంగతి అడిగింది. అంతా విని తన సంగతి చెప్పింది. ఆవిడ మొగుడు రంగం వెళ్ళొచ్చాడట. రంగూన్ని మావైపు రంగమే అంటారు. అక్కడ ఏం చూశాడో ఏమో, తిరిగొచ్చాక ఏడాదిపాటు పడవ ఎక్కలేకపోయాడు. నీళ్ళు చూస్తే వణుకు.

"మావేటి సేసామంటే, ఏటీ సెయ్యలేదమ్మా," అంది. "పొద్దున్నే లేపీవోళ్ళం. కూడు ముందెట్టీవోళ్ళం. ఒడ్డున కూకోబెట్టి వల బాగుసెయ్యమనీవోళ్ళం. సంద్రంలోకి ఎప్పుడెల్తావని మాత్రం ఎవులూ అడగలేదు. అడగొద్దని మా అత్త అందరికీ సెప్పీసింది. ఆడంతట ఆడే ఎల్లాడు ఒకనాడు. నువ్వు ముందు కూడు తిను. నువ్వు కూడా పడిపోతే ఈ పిల్లని ఎవులు సూస్తారు?"

మేము చేసింది అంతే. దానికి శాస్త్రం ఏమీ లేదు. మరునాటి నుంచి తెల్లవారుతూనే ఆయన్ని లేపి, ఆయనా నేనూ గోపాలపురం రోడ్డు మీద సరుగుడు తోపుదాకా నడిచి వచ్చేవాళ్ళం. మొదట్లో ఆయన దారి మధ్యలో నిలబడిపోయేవారు. నేనూ నిలబడేదాన్ని. పేపరు ఇంట్లోకి రానివ్వలేదు. ఆ చీలిక మాట ఎత్తినవాళ్ళకు మా అరుగు మీద చోటు లేదు. తిన్నా తినకపోయినా వేళకు కంచం పెట్టేదాన్ని, వేళకు నేనూ తినేదాన్ని. చేతికి ఏదో పని కావాలి కదా. కట్టలు కట్టి అలవాటైన చేతులు. మా అమ్మాయి చినిగిన పుస్తకాలు ముందు పెట్టాను. మైదాపిండి ఉడికించి, పాత గుడ్డలు కోసి ఇచ్చాను. మూడు రోజులు అవి అలాగే ఉన్నాయి. నాలుగో రోజు ఒక పుస్తకానికి అట్ట వేశారు.

సాయంత్రం అయిదింటికి ఆ ఒరియా గుమాస్తా వచ్చేవాడు. రోజూ. ఆదివారాలు కూడా. అరుగు మీద గళ్ళు గీసుకుని, చింతపిక్కలతో ఇద్దరూ పులి-మేక ఆడేవారు. కచేరీ మాట ఎత్తేవాడు కాదు. ఒక గంట ఆడి లేచి వెళ్ళిపోయేవాడు. పగలంతా ఇద్దరి పనీ తనే చేసేవాడని నాకు తర్వాత తెలిసింది. నేను పదకొండు రోజులపాటు అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. గిరిసోలలో అతను చేసింది కళ్ళారా చూసి కూడా. అందరూ కలిసి నా బుర్రలో ఎక్కించిన విషం అంత తొందరగా దిగలేదు.

పన్నెండో రోజు కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. మా ఆయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నారు. అతను గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. నన్ను భావుజ అని పిలిచేవాడు, ఒరియాలో వదిన అని.

"నాకు కూడా బయమే భావుజ," అన్నాడు తెలుగులోనే. "కొత్త రాష్ట్రంలో దస్త్రం అంతా ఒరియాలో రాయాలంటన్నారు. నేను మాట్లాడేది ఒరియా. దస్త్రం రాయడం మాత్రం ఆయన దగ్గర తెలుగులోనే నేర్చుకున్నాను. ఆయన లేకపోతే ఆ గదిలో నేనేటి సెయ్యగలను?"

అతని ఇంట్లోనూ పోరు ఉందట. ఆ తెలుగువాడి ఇంటికి రోజూ ఎందుకు పోతావని వాళ్ళవాళ్ళు తిట్టేవారట. రెండు వైపులా ఊరేగింపులు తీసినవాళ్ళకు ఈ ఇద్దరు మనుషులు ఎక్కడా కనపడలేదు.

నలభై రోజులు దాటాక ఒకనాడు పొద్దున్న నడకలో ఆయన తనంతట తానే ఆగి, నా వైపు తిరిగారు.

"ఉండిపోదామనిపిస్తోంది. నువ్వేటంటావు?"

కాగితం వచ్చిన దగ్గర్నుంచి నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. బావగారు, వకీలు, అత్తగారు, సిరస్తాదారు, ఎవరూ అడగలేదు. నేను కూడా ఈ ఊళ్ళోనే బతకాలి కదా. ఉండిపోదాం అన్నాను. ఎందుకంటే నాకూ అదే ఇష్టం. ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఆ ఒక్క పంక్తి రాసి సంతకం పెట్టారు. గడువు ఎప్పుడో దాటిపోయింది. ఈ కాగితం కూడా అందులో చేరేదాకా, పైకి పంపాల్సిన ఆప్షను కాగితాల కట్టను గుమాస్తా ఏవో లెక్కలు సరిపోలేదని వారాల తరబడి ఆపి ఉంచాడట. పట్టుబడితే ఉద్యోగం పోయేది.

సెలవు అయ్యాక ఆయన పనిలోకి వెళ్ళారు. మొదటి వారం నేను కచేరీ సందు చివరి దాకా తోడు వెళ్ళేదాన్ని. నవ్వినవాళ్ళను నవ్వనిచ్చాను. పూర్తిగా నయమైపోయిందని చెప్పను. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు తాళం లాగి చూడడం మొదలైంది. అది మొదలవగానే మాకు తెలిసిపోయేది. పేపరు మానేసి, పొద్దున్నే నడక పట్టేవాళ్ళం. వచ్చేపోయేవాళ్ళను తగ్గించేవాళ్ళం. వారం పది రోజుల్లో తగ్గేది. ఆయన పూర్తి కాలం ఉద్యోగం చేసి దిగారు.

ప్రాణం పోయినా కదలొద్దన్న వకీలు మాత్రం రాష్ట్రం మారకముందే కదిలారు. విశాఖపట్నంలో ఇల్లు కొనుక్కుని ఏడాదైందట. మా అరుగు మీద ఉపన్యాసాలు చెప్పిన రోజులకే అక్కడ గోడలకు సున్నం కొడుతున్నారన్నమాట. సామాన్ల బండి వెళ్తుంటే నేను వీధిలో నిలబడి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

రాష్ట్రం మారడానికి ఇంకా నెల ఉందనగా ఒక మధ్యాహ్నం మా అత్తగారూ నేనూ చేటల్లో బియ్యం బాగుచేస్తున్నాం. కొడుకు మామూలుగా కచేరీకి వెళ్తున్నాడు కాబట్టి ఆవిడ నాతో మళ్ళీ మాటలు కలిపారు. బియ్యంలోంచి తల ఎత్తకుండానే, మీ మావగారికి కూడా ఇలాగే అయింది అన్నారు.

మామగారు కాశీ వెళ్ళి అక్కడే పోయారని నాకు పెళ్ళినాటి నుంచి చెబుతూ వచ్చారు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పారు.

"కాసీ ఎల్లలేదే," అన్నారు. "బదిలీ మీద బదిలీ సేసారు. ఎక్కడా నిలవనివ్వలేదు. ఒకనాడు మాట్లాడ్డం మానీసారు. ఆ యెనకగదిలో ఉంచి తలుపేసాం. రెండేళ్ళు. తినడం మానీసి పోనారు. పిల్లల్ని మా పుట్టింట ఉంచి, ఆళ్ళకి కూడా కాసీ అనే సెప్పాం. పరువు కదేటి."

వెనకగది అంటే మేము బొగ్గులూ పిడకలూ పోసుకునే గది. పదిహేనేళ్ళుగా రోజూ లోపలికి వెళ్ళి వస్తున్నాను.

నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ముందే చెప్పి ఉంటే ఆ మిరపకాయల పొగ ఎందుకు, ఆ తాడు ఎందుకు? నేనన్న మాటలు అని ఉండేదాన్నా? మా ఆయన తన తండ్రికీ ఇలాగే అయిందని తెలిస్తే, తనొక్కడే లోకంలో పనికిరాని మగాడినని అనుకుంటూ గిరిసోల దాకా వెళ్ళేవారా? ఇవన్నీ అడిగాను. గట్టిగానే అడిగాను. ఆవిడ చేట పక్కన పెట్టి కొంగుతో మొహం కప్పుకున్నారు. కొడుకునీ ఆ గదిలోనే పెట్టాల్సొస్తుందని భయపడి వైద్యుణ్ణి పిలిచానని చాలాసేపటికి అన్నారు. ఆ రోజు ఆవిణ్ణి నేను క్షమించలేదు. తర్వాత క్షమించానో లేదో కూడా చెప్పలేను. ఆవిడ మంచాన పడ్డాక ఏడాదిన్నర చేశాను, అంతే తెలుసు.

మా ఆయనకు ఆ సాయంత్రమే చెప్పేశాను. ఆయన విన్నారు. తర్వాత లేచి వెళ్ళి, ఆ గదిలోని పిడకలన్నీ బయటికి మోసి, ఊడ్చి, నీళ్ళు కొట్టి కడిగారు. ఆ గదికి కిటికీ లేదు. మేస్త్రీని పిలిపించి పెట్టించారు.

ఇప్పుడు మా మనవరాలికి పరీక్షలనో, ఉద్యోగమనో, ఏదో దిగులు. గదిలోంచి రావడం లేదట. ఫోనులో మా అమ్మాయి, ఎవరైనా అడిగితే కొంచెం జ్వరమని చెప్పమ్మా అంది. నేను అలా చెప్పనన్నాను. మనవరాలి దగ్గరికి రేపు పొద్దుటి బండికి వెళ్తున్నాను. వెళ్ళేలోపు ఇదంతా రాసి, దానికి ఇవ్వాలని కూర్చున్నాను.